భారతి పరీక్షలో రాసిన జాబు

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం.

అక్కకు సుగుణ నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు, నా బిడ్డ భారతి అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మొన్ననే ఫోనులో మాట్లాడుకున్నాం కదా, ఇంతలో ఈ జాబేమిటని గుండెలు బాదుకోకు. ఎవరికీ ఏమీ కాలేదు. నా ఒళ్ళు బాగుంది, పనీ బాగుంది. పాలు పితికే పని అయ్యాక తీరిగ్గా కూర్చుని చదువు.

నా చేతిరాత చూసి నవ్వుతావేమో. వచ్చిన కొత్తలో నెలకు రెండు జాబులు రాసేదాన్ని. బావ సెల్లు కొన్నాక కలం ముట్టుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. పక్కింట్లో పనిచేసే పీలేరు రమణమ్మ నన్ను చూసి, "సెల్లు సేతిలో పెట్టుకోని ఈ గీకేదేందమ్మే? పిచ్చిగానీ పట్టిందా నీకు?" అంది. పట్టిందనే చెప్పాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. పది రోజులుగా ఇసుక గాలి. తుడిచిన బల్లనే మళ్ళీ తుడవాలి, ఆరేసిన బట్టలనే మళ్ళీ ఉతకాలి. పలమనేరు చలిగాలి తలుచుకుంటే ఏడుపొస్తుంది. నువ్వు పంపిన రాగిపిండితో పోయిన శుక్రవారం సంగటి చేసుకున్నాను. నేను పనిచేసే ఇంటావిడ వచ్చి ఆ ముద్దను చూసి, ఇది దేనికి మందని అడిగింది. అన్ని రోగాలకూ అని సైగ చేశాను. నిజంగానే ఆ పూట నాకు ఏ బాధా లేదు.

అసలు సంగతి ఆ మూటతోనే మొదలైంది. రమణమ్మ సెలవుకు ఊరొచ్చి తిరిగొస్తుంటే నువ్వు రాగిపిండి, శనక్కాయ ఉండలు ఇచ్చి పంపావు కదా. ఉండలు చుట్టిన కాగితం విప్పితే భారతి తెలుగు పరీక్ష పేపరు. చిత్తు కాగితమని చుట్టేసి ఉంటావు. నాకు మాత్రం ఉండల కంటే అదే తీపి. అక్కడే నేలమీద కూర్చుని చదివాను. "నీవు చేసిన యాత్రను గురించి మీ అమ్మకు లేఖ రాయుము" అని ప్రశ్న. అది తిరుచానూరు పోయిన కథంతా రాసింది. బస్సులో వాంతి చేసుకుందట. గుడి ముందర ఒక చెప్పు పోయిందట, తిట్టొద్దట. నాకని కనకాంబరాలు కొన్నదట, ఇల్లు చేరేలోపల వాడిపోతాయేమోనని నీళ్ళు చల్లుతూ ఉందట. చివర్లో, ఎర్రావు ఈనిందా అని అడిగింది.

నాలుగేళ్ళుగా ఫోనులో తిన్నావా అంటే ఊ, చదువుతున్నావా అంటే ఊ. అంతకు మించి నోరు విప్పని పిల్ల నాకు ఇన్ని మాటలు రాసిందని ఎంత పొంగిపోయానో. కాకపోతే, నేనెప్పుడు దాన్ని చెప్పు కోసం తిట్టాను అనుకున్నాను. ఆవు సంగతి నన్నడుగుతుందేమిటి అనుకున్నాను. అప్పుడు పేజీ తిప్పాను. వెనకవైపు స్కేలుతో గీసిన డబ్బా, మూలన స్టాంపు బొమ్మ, లోపల గుండ్రటి అక్షరాలతో చిరునామా: శ్రీమతి ఈశ్వరమ్మ గారు, పలమనేరు. అక్కా, అది నీ పేరు. టీచరు అయిదుకు నాలుగున్నర వేసింది. అర మార్కు తేదీ రాయనందుకు కోసింది. చిరునామాకు పెద్ద టిక్కు పెట్టింది.

నీ దగ్గర దాపరికమెందుకు, నీమీద మండిపోయాను. కడుపున పుట్టిన దాన్ని లాగేసుకున్నావని అనుకున్నాను. నువ్వు మిస్డ్ కాల్ ఇచ్చినా మూడు రోజులు తిరిగి చేయలేదు. జ్వరమని తర్వాత చెప్పింది అబద్ధం. వాళ్ళ నాయన పోయాక అయిదేళ్ళ పిల్లను నీ ఒళ్ళో పెట్టి విమానమెక్కిన దాన్ని, నిన్ననడానికి నాకు నోరెలా వచ్చిందో. నన్ను క్షమించు.

నాలుగో రోజు చేశాను కదా, అప్పుడు భారతిని అడిగాను, గుర్తుందా?

"నేను యాడుండేది సెప్పుమే, సూస్తాం."

"కువైట్లో."

"కువైట్లో యాడ?"

"ఏమో. ఫోన్లో గదా నువ్వుండేది!"

స్పీకరు పెట్టి ఉన్నారు కాబట్టి మీరంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పెట్టేశాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. దానిది తప్పేముంది? ఆ డబ్బాలో రాయడానికి దానికి తెలిసిన చిరునామా ఒక్కటే. నాది దానికి నేనెప్పుడు ఇచ్చాను గనక?

అందుకే ఈ జాబు, అక్కా. లోపల ఇంకో కాగితం మడిచి పెట్టాను, అది భారతికి. నేనుండే వంటిల్లు, కిటికీ, పడుకునే గది బొమ్మలు వేశాను. ఒంటె బొమ్మ కుదరలేదు, అది మేకలా వచ్చింది. నువ్వు చదివి వినిపించొద్దు. తనే కూడబలుక్కుని చదువుకోనీ. కింద నా చిరునామా ఇంగ్లీషులో ఉంది, పోస్టాఫీసులో అడిగి కవరుమీద రాయించు. జవాబు రాయమని వెంటపడొద్దు. రాస్తే మాత్రం తప్పులు దిద్దకు, ఏం రాయాలో చెప్పకు. నెలైనా, రెండు నెలలైనా నేను ఎదురు చూస్తాను.

బావను పొలంలో చెప్పుల్లేకుండా తిరగొద్దని చెప్పు. మీ అత్తగారికి నా నమస్కారాలు, ఆమె మోకాళ్ళకు తైలం రమణమ్మ చెల్లెలు వచ్చేటప్పుడు పంపుతాను. ఆమె తిరిగొచ్చేటప్పుడు వీలైతే ఊరమిరపకాయలు ఇచ్చి పంపు. ఇంకేమీ వద్దు. పిల్లలకు ముద్దులు. పెద్దవాళ్ళందరి దీవెనలు నాకు కావాలి.

ఒక మాట మిగిలింది, ఫోనులో అందరి ముందర నీతో అనలేనిది. నువ్వు లేకపోతే నా బిడ్డ ఏమైపోయేదో నాకు తెలుసు. దానికి ఇద్దరమ్మలుంటే నాకు సంతోషమేనని ఎవరడిగినా చెబుతాను. కానీ అక్కా, రేపెప్పుడైనా అది అమ్మా అని పిలిస్తే ఇద్దరం ఒక్కసారే తిరిగి చూస్తాం కదా, ఆ రోజు నువ్వు ఒక్క క్షణం ఆలస్యంగా తిరుగు.

నీ చెల్లెలు,
సుగుణ