గంగమ్మకు గుప్పెడు పసుపు

విశాఖపట్నం, 12-8-2007

చెల్లె మంజులకు అక్క ఆశీస్సులు.

శుక్రవారం నేను రాసిన కార్డు చూసి మీరంతా భయపడి ఉంటారు. మన కరుణ ఉద్యోగం పోలేదు. దేవుడు చల్లగా చూశాడు.

ఆ రోజు అది "అమ్మా, మా ఆఫీసు చూద్దువు రా" అని నన్ను తీసుకెళ్లింది. అక్కడ సముద్రం నుంచి ఎప్పుడూ నీళ్లు వచ్చే తొట్టిలో ఆల్చిప్పలను ఉంచి, ఒక్కోదానికి సన్నని తీగ అతికించారు. సముద్రంలో నీరు చెడితే అవి మూసుకుంటాయట, ఆ సంగతి కంప్యూటర్‌లో తెలుస్తుందట. మూగజీవాలు ఇంత మేలు చేస్తున్నాయని, మన ఇబ్రహీంపట్నంలో బోరు పడ్డనాడు వేసినట్టే సంచిలోంచి గుప్పెడు పసుపు తీసి తొట్టి నీళ్లలో వేసి గంగమ్మకు మొక్కాను. చిప్పలన్నీ మూసుకున్నాయి. ఏ ఫ్యాక్టరీ మురుగు వదిలిందో చూడాలని పడవ తీయబోయారు.

"నేనే ఏసిన సారూ, బిడ్డను ఏమనకుండ్రి" అని చెప్పేశాను. పెద్ద సారు పడవ ఆపించారు. కరుణ ఏడ్చింది.

నిన్న తొట్టి కడిగి కొత్త నీళ్లు పట్టాక చిప్పలన్నీ మళ్లీ తెరుచుకున్నాయి. ఆఖరిది తెరుచుకునేదాకా నేను కదల్లేదు. సారు నవ్వి, "మీ పసుపునే కనిపెట్టాయంటే ఇవి నిజంగా పనిచేస్తున్నాయమ్మా" అన్నారు.

మన పొలం అడిగిన ప్లాట్ల వాళ్లు మళ్లీ వస్తే, నేను వచ్చేదాకా మాట ఇవ్వవద్దని మీ బావకు చెప్పు. బర్రె ఈనిందా? శుక్రవారం బోరుకు పసుపు పైపు మీదే పెట్టు, నీళ్లలో వేయకు. పిల్లలకు దీవెనలు.

మీ అక్క,
అండాలు