ఇనుముకు కూసే యంత్రం

నిధివేట సరదా సంఘం అధ్యక్షుడు ముచినేరిపికి,

నా పేరు మతిరాస. వయసు డెబ్బై ఎనిమిది. కోడలు సెకాయ్‌తో, మూడు మేకలతో మ్బెరెంగ్వాలో ఉంటాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే సెకాయ్ రాస్తోంది.

సంఘానికి మెటల్ డిటెక్టర్ ఎంచేటప్పుడు బంగారానికి కూసి ఇనుముకు నోరు మూసుకునేదే కావాలన్నారు మీరంతా. ఇనుముకు కూడా కూసేది కొనమన్నాను నేను. "అంబుయా, తుప్పు మేకులు ఏరుకుంటావా?" అని, నన్ను అవ్వా అని పిలుస్తూనే అందరి ముందూ నవ్వావు.

మేకులు కాదు నాయనా, పార. మా మేనత్తను పెళ్లికి అడగడానికి వచ్చినవాళ్లు ఓలిగా మా ముంగిట పెట్టిన పెళ్లి పార. తెల్లదొరలు లారీలెక్కించి మమ్మల్ని వాగు ఒడ్డు నుంచి వెళ్లగొట్టిన రోజు, నానమ్మ దాన్ని పొయ్యి పక్కన పాతింది. నాకప్పుడు పదేళ్లు. ఆ ఇల్లు ఇప్పుడు ముళ్లపొద. పొయ్యి ఎక్కడో నాకే తెలియదు.

వానలు పడితే కొత్త ఆనకట్ట నీళ్లు ఆ చోటును ముంచేస్తాయి. మా మేనత్త ఓలి లేకుండా ఊరికే అత్తారింటికి పోలేదని చెప్పడానికి మా ఇంట్లో ఇంకేం మిగల్లేదు. బంగారం మరోసారి వెతుక్కోండి.

సోమవారం లోపు ఇనుముకు కూసే యంత్రం తీసుకురండి. లేకపోతే గురువారం నేనే తవ్వుతాను. పూర్వీకులకు విడిచిన ఆ రోజు నేలను తాకకూడదని నాకూ తెలుసు. ఊరిపెద్దను జరిమానాగా ఒక మేకను తోలుకెళ్లమను. అప్పటికీ నేను గోతిలోనే ఉంటాను.

మతిరాస వేలిముద్ర
సాక్షులు: సెకాయ్, పొరుగింటి చెంజిరా