మీ అల్లుడుగారి కాలి ఆట

యానాం, 12-2-1952

నాన్నగారికి నమస్కారాలు. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకండి.

మనిషిని కాలితో తన్నే ఆట మీ అల్లుడుగారు మానేదాకా నన్ను పుట్టింటికి వచ్చెయ్యమని రాశారు. నేను రాను. మీకు కుస్తీ ఎలాగో, ఇంగ్లీషువాళ్ళకు గుద్దులాట ఎలాగో, ఫ్రెంచివాళ్ళకు ఈ సవాత్ అలాగ. మొన్న ఆదివారం పోటీలో ఆయన ఒక ఫ్రెంచి సిపాయిని భుజంమీద తన్నారు. కాలు తగిలిందని అలవాటుగా వెంటనే అతన్ని తాకి కళ్ళకద్దుకున్నారు. ఆ సందులో సిపాయి ఈయన ముక్కుమీద గుద్దాడు. జనమంతా నవ్వారు.

"తన్నేటప్పుడు దణ్ణాలేంటండీ?" అన్నాను.

"తన్నడం ఆటేనే. కాలు తగిలాక దణ్ణం పెట్టకపోతే ఎలాగ?" అన్నారు.

ఇలాంటి మనిషిని ఆట మానమని నేను చెప్పను.

గేదె ఈనిందా? ఆయన ముక్కు వాచింది, మీ కుస్తీ నూనె ఒక సీసా పంపండి. ఈ ఆదివారం మళ్ళీ పోటీ ఉంది. సిగ్గుపడకుండా ముందు వరసలో కూర్చుంటాను. మీరూ రండి. అమ్మను అడిగానని చెప్పండి.

మీ వీరవేణి