పడకమీద మాటపట్టు

నాంపల్లి,
12 ఆగస్టు 1941

పూజ్యులైన మదర్ గారికి,

కన్యస్త్రీ కావాలని మీ మఠంలో చేరి, జబ్బుతో ఇంటికి వచ్చిన సెసిలికి తల్లినైన నా వందనాలు.

ప్రాణం మీదికొచ్చిందని డాక్టరు రాసిస్తే, శిక్షణ గడువు తీరకముందే, కన్యస్త్రీగా దేవునికిచ్చే మాటపట్టును పడకమీదే ఇప్పిస్తామని మీరన్నారు. క్షయ ముదిరింది, బతకదని అబిడ్స్ డాక్టరుగారు పది రోజుల కిందటే రాసిచ్చారు. ఆ చీటీని జపపుస్తకంలో దాచాను.

"అమ్మా, చీటీ ఇయ్యలేదా?" అని సెసిలి రోజూ అడిగేది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, నువ్వు లేస్తవు, మఠంలనే మాటపట్టు తీసుకుంటవు" అనేదాన్ని.

నిన్న రక్తం కక్కి, "కన్యస్త్రీ గాకుండనే పోవాల్నా అమ్మా?" అన్నది.

చీటీ దీంతో పంపుతున్నాను. ఈరోజే ఫాదర్ గారితో రండి. మాటపట్టుకు వేసే నల్ల ముసుగు మరవకండి. నా పాపం ఫాదర్ గారి దగ్గర ఒప్పుకుంటాను. సెసిలికి మాత్రం, చీటీ ఇవాళే వచ్చిందని చెప్పగలరా?