చాందీఘాట్ ముద్ర

చాందీఘాట్, అండమాన్
22-8-1987, శనివారం

ప్రియమైన మీకు,

దేవుని దయవల్ల క్షేమంగా చేరాను. ఓడలో ఉన్నన్ని రోజులూ మీరు కట్టిచ్చిన నిమ్మకాయలే నాకు అన్నం. సీతాఫల్‌మండిలో పుట్టి పెరిగినదాన్ని, నీళ్ళంటే కుళాయి నీళ్ళే కదా నాకు తెలిసింది! పడవ కదిలితే చాలు, కడుపులో తిప్పేస్తుంది.

అసలు సంగతికి వస్తాను. మా మిషన్ వాళ్ళకి పక్కపక్క దీవుల్లో రెండు చిన్న ఆస్పత్రులున్నాయి. ఒకటి ఈ చాందీఘాట్ రేవులో. ఇంకోటి పడవలో గంటన్నర దూరం, మధుపూర్ రేవులో. నర్సులం ఇద్దరమే, నేనూ మేబెల్ సిస్టరూ. వయసులో పెద్దదాన్నని ఊరు ముందు నన్నే కోరుకోమన్నారు. సెప్టెంబరు ముప్పైలోగా రాసివ్వాలి. ఒకసారి రాసిచ్చాక ఐదేళ్ళదాకా మార్పు లేదు. మార్చిలో మీరు రిటైరై వస్తారు కాబట్టి మనిద్దరం ఉండబోయే ఊరు అదే. మీ మాట కూడా కావాలి.

మధుపూర్‌లో బావి నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఉన్నవి నలభై ఇళ్ళు. రైలు కూత వినపడని చోట బతకాలని మీరు అనేవారే, అచ్చం అలాంటి చోటు. చాందీఘాట్‌లో నీళ్ళు కాస్త ఉప్పన. కానీ బజారుంది, చర్చి ఉంది, పోర్ట్ బ్లెయిర్ ఓడ ఆగుతుంది. మీకు నచ్చేది ఇంకొకటి కూడా ఉంది, అది ఇప్పుడు చెప్పను, వచ్చాక చూపిస్తాను. నా మనసు మాత్రం ఇటే ఉంది.

ఇక్కడ పడవ నడిపే లూకా గారు మన తెలుగువారే, భీమిలి వైపు మనిషి. పాపం, భార్య పోయి నాలుగేళ్ళట. ఆదివారం ఆయన పాట ఎత్తుకుంటే చర్చిలో పిల్లలు కూడా కదలరు. నిన్న వంజరం చేప తెచ్చి, ముక్కలు కోసి మరీ ఇచ్చారు. మీరు పక్కన లేకుండా తిన్నాను. వేళకు భోంచేయండి.

మీ
ప్రేమమణి


సీతాఫల్‌మండి
4-9-1987

ప్రియమైన ప్రేమమణికి,

నీ ఉత్తరం ఈ రోజు అందింది. పోయిన వారం రాలేదని రెండు పూటలు అన్నం మానేశాను. పక్కింటి ఎల్లమ్మ గిన్నెలో పప్పు పట్టుకొచ్చి, "ఏందన్నా, గిట్ల ఉపాసం ఉంటే అక్క ఓడ దిగి ఉర్కొస్తదా?" అని కేకలేసింది.

అన్నీ రాశావు, బాగుంది. చేప ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకోక ముక్కలు కూడా కోశాడా? కోసేదాకా నువ్వెక్కడ నిలబడ్డావు? అతని పాటకి పిల్లలు కదలరన్నావు, పెద్దవాళ్ళ సంగతి రాయలేదు. ముప్పై ఏళ్ళుగా నేనూ చర్చిలో పాడుతున్నాను. "పుస్తకం అడ్డం పెట్టుకుని పాడండి" అన్నావే తప్ప నా పాట గురించి ఎవరికీ ఉత్తరం రాయలేదు నువ్వు.

దాచిపెట్టి చూపించేవి నాకేమీ వద్దు. నాకు కావలసింది తియ్యటి నీళ్ళు, నిశ్శబ్దం. మధుపూర్ అని రాసివ్వు. ఆ పాటగాడు ఉండే ఊళ్ళో నేను కాపురం ఉండను.

నాకు కుళ్ళు అనుకుంటావేమో. అనుకో. ఉన్నదే.

నీ
జకర్యా


మధుపూర్
17-10-1987, శనివారం

ప్రియమైన మీకు,

మీరు కోరినట్టే రాసిచ్చేశాను. మధుపూర్. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది, ఆ తర్వాత పెట్టేశాను. చాందీఘాట్ మేబెల్ సిస్టర్‌కు వెళ్ళింది. ఆమె సంతోషం చూడాలి!

ఇల్లు రెండు గదులు. కిటికీ తీస్తే రేవు కనిపిస్తుంది. మీ కుర్చీ వేయడానికి చోటు చూసిపెట్టాను. మీరు వచ్చి కూర్చోవడమే తరువాయి. ఇక అన్నం మానకండి, నా మీద ఒట్టు.

మీ
ప్రేమమణి


సీతాఫల్‌మండి
12-11-1987

ప్రేమమణికి,

నీ ఉత్తరాలు మూడు నా ముందున్నాయి. అక్టోబరు పదిహేడు, ఇరవై నాలుగు, ముప్పై ఒకటి. మూడింటి మీదా "మధుపూర్, శనివారం" అని నీ రాత. కవరు మీద ముద్ర మాత్రం చాందీఘాట్‌ది. తేదీలు అవే.

స్టేషన్ పక్కన ఆర్.ఎం.ఎస్. రైలు తపాలా ఆఫీసులో కూర్చుని ఇరవై ఆరేళ్ళుగా ఊరూరి ఉత్తరాలు గూళ్ళలో వేస్తున్నవాణ్ణి నేను. పోస్టల్ గైడు తీసి చూశాను. మధుపూర్‌లో పోస్టాఫీసు లేదు, అక్కడి తపాలా సంచి సోమవారం పడవలో మాత్రమే చాందీఘాట్ చేరుతుంది. శనివారం రాసిన ఉత్తరానికి శనివారమే అక్కడ ముద్ర పడిందంటే, నువ్వే మోసుకెళ్ళావన్నమాట. వారం వారం. ఎవరి పడవలో అని అడగను. పడవ కదిలితే కడుపులో తిప్పుతుందన్న మనిషివి!

నిన్న ఒంగోలు కట్టను తీసుకెళ్ళి నాగపూర్ గూట్లో వేశాను. పక్కన కూర్చునే పర్వతాలు చూసి, "ఏంది జకర్యా సాబ్, ఇంత పరేషాన్ల ఉన్నవ్? తబియత్ బాగలేకుంటే ఇంటికి పో, నేను చూసుకుంట" అన్నాడు. వాడికి ఏమని చెప్పను? ఊరైతే మార్పించగలిగాను గానీ నీ మనసు మార్చలేకపోయానని చెప్పనా?

మార్చిలో నేను రావాలా వద్దా, ఒక్క ముక్క రాయి చాలు.

జకర్యా


మధుపూర్
30-11-1987, సోమవారం

ప్రియమైన మీకు,

కోపంలో ఉన్నాను. అయినా పై మాట అలవాటు కొద్దీ అలాగే పడింది.

మీ లెక్క తప్పు కాదు. వెళ్ళాను, ప్రతి శనివారం వెళ్ళాను. లూకా గారి పడవలోనే, ఎందుకంటే శనివారం బజారుకు వెళ్ళే పడవ అదొక్కటే. పోర్ట్ బ్లెయిర్ ఓడ చాందీఘాట్ నుంచి ఆదివారం పొద్దున బయలుదేరుతుంది. సోమవారం సంచి అక్కడే వారం పడి ఉంటుంది. ఒక వారం ఉత్తరం రాకపోతే అన్నం మానేశానని రాసింది మీరు కాదా? మీరు తినాలని నేను పోనూ రానూ మూడు గంటలు డోకుకుంటూ వెళ్ళాను.

లూకా గారే అన్నారు ఒకసారి. "ఏటక్కా, వారం వారం ఈ వాంతులేటి? ఆ ఉత్తరం నాకిచ్చీ, నాను పడేసొస్తాను" అని. ఇచ్చి ఉండవచ్చు. కానీ ఆయన చేతిమీదుగా వచ్చిన కవరు మీరు ముట్టుకోరని నాకు తెలుసు. అందుకని ఇవ్వలేదు.

దాచిపెట్టింది కూడా ఇప్పుడు చెప్పేస్తాను, ఇక దాచి లాభం లేదు. చాందీఘాట్ పోస్టాఫీసు ఒక ఇంటి ముందుగదిలో ఉంది. పోస్టుమాస్టరు రామ్మోహనరావు గారు పెద్దవారైపోయారు. పని తెలిసిన పింఛనుదారు ఎవరైనా వస్తే అప్పగించి వెళ్ళిపోతానన్నారు. "మావారు ఉన్నారు" అన్నాను. ఉత్తరాలు ముట్టకుండా మీరు నాలుగు రోజులు కూడా బతకలేరని నాకు తెలియదా? ముందుగదిలో మీరు, వెనకగదుల్లో మన కాపురం. అది నేను చూసుకున్న ఊరు. దాన్ని మీరే వద్దన్నారు. ఇప్పుడు ఆ గది మేబెల్ సిస్టర్ భర్త అమ్మిరాజు గారికి వెళ్ళింది.

ముప్పై ఏళ్ళ కాపురంలో మీరు కవరు మీద ముద్రే చదివారు, లోపలి ఉత్తరం చదవలేదు. చాలా కష్టంగా ఉంది నాకు.

ఇది సోమవారం సంచిలోనే వేస్తున్నాను. ఆలస్యంగా అందుతుంది. అందనివ్వండి. రావాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి.

ప్రేమమణి


లూకా గారి పడవలో
16-4-1988, శనివారం

ప్రియమైన ప్రేమమణికి,

ఐదు నెలలు నా నుంచి ఉత్తరం లేదు. రాశాను, తొమ్మిది. ఒక్కటీ సంచిలో వేయలేకపోయాను. ఊళ్ళో వాళ్ళందరి ఉత్తరాలూ వేసిన చెయ్యి, నావి వేయడానికి వచ్చేసరికి సిగ్గుతో వెనక్కి వచ్చేది. తొమ్మిదీ నా పెట్టెలో ఉన్నాయి.

మార్చి ముప్పై ఒకటిన దండ వేసి పంపించారు. పర్వతాలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. విశాఖలో ఓడ ఎక్కాను. నిన్న చాందీఘాట్‌లో దిగి ఆ ముందుగది చూశాను. అమ్మిరాజు గారు ముద్ర కొడుతున్నారు, సగం తపాలా బిళ్ళ మీద, సగం బల్ల మీద. తేదీ కనిపించడం లేదు. గుమ్మంలో నిలబడి ఆయన్ని చూస్తుంటే నాకు ఎంత కుళ్ళు పుట్టిందో చెప్పలేను. లూకా మీద పుట్టింది దీని ముందు ఏపాటిది! ఆ పోస్టుమాస్టరు కుర్చీ నువ్వు నా కోసం అడిగిపెట్టావు. నేనే కాలదన్నాను.

ఈ పడవలో నాకూ కడుపులో తిప్పుతోంది. ఇప్పటికి రెండుసార్లు వాంతి అయింది. అన్ని శనివారాలు ఎలా వచ్చావు?

లూకా గారు పాడుతున్నారు. బాగా పాడతారు. ఈ మాట రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఈ కవరు మీద బిళ్ళ లేదు, ముద్ర లేదు. చూడటానికి ఏమీ లేదు కాబట్టి లోపలిదే చదువు. దీన్ని లూకా గారి చేతికిచ్చి పంపుతున్నాను. నేనే అడిగాను, "తమ్ముడూ, కాస్త ఇచ్చి రా" అని. నేను రేవులో, పడవలోనే కూర్చుని ఉంటాను. నీ కిటికీలోంచి కనిపిస్తాను.

నాలుగింటికి పడవ తిరిగి వెళుతుందట. నువ్వు వద్దంటే దాంట్లోనే వెళ్ళిపోతాను. రమ్మంటే ఏమీ రాయక్కర్లేదు, నా కుర్చీకి ఇంట్లో చోటు చూశానన్నావు కదా, ఒక కుర్చీ తెచ్చి గుమ్మం బయట వెయ్యి.

నీ
జకర్యా