కోసిన స్ప్రింగులు

మీకు,

మీ సంవత్సరీకం ముగిసిన మర్నాడు మన రెండు సీట్ల పాత కారును పాల్వంచలో మెకానిక్ ఖాదర్ షెడ్డుకు తీసుకువెళ్లాను. ఒకప్పుడు అడవి దారిన భద్రాచలానికి నేనొక్కదాన్నే నడుపుకుంటూ వెళ్లిన కారు అది. "స్ప్రింగులు కుంగి బండి కిందికి దిగింది, ఆ దారికి ఇక పనికిరాదు" అన్నారు మీరు. నిజమే, ప్రతి మిట్టకూ దాని అడుగు గీసుకుపోయేది. ఆ చప్పుడు వినలేక తాళం నేనే మీ చేతికిచ్చాను.

ముందు చక్రాల స్ప్రింగులు ఖాదర్ విప్పి చూపించాడు. కొనలు రంపంతో కోసినట్టు నున్నగా ఉన్నాయి.

"గివి కుంగినయి కావమ్మా. ఒక్కో చుట్టు నేనే కోసిన. సార్ కోయమన్నరు."

"ఎందుకు?"

అతను నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. "అమ్మ అడవిల ఒక్కతే పోతది, నా మాట ఇనదు, కారు చెప్తే ఇంటది అన్నరు."

అవును, విన్నాను. భయంగా ఉందని మీరు నాతో అని ఉంటే పోట్లాడేదాన్ని, బహుశా ఓడిపోయేదాన్ని కూడా. ఆ పోట్లాట నాకు దక్కవలసింది. దాన్ని మీరు షెడ్డులో మరొకరితో తేల్చుకున్నారు.

కొత్త స్ప్రింగులు వేయించాను. కారు నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. నిన్న ఒక్కదాన్నే భద్రాచలం వెళ్లి వచ్చాను. అడుగు ఎక్కడా తగలలేదు.

మీరు పోయిన నాటి నుంచి గడప దాటిన ప్రతిసారీ మీ పటానికి చెప్పి వెళ్తున్నాను. నిన్న చెప్పలేదు.