ఆరిపోని నీలం దీపం

రూతమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సమాధి దగ్గర ప్రార్థన చేసుకుని వచ్చి, మార్కాపురంలో మన టీవీ రిపేరు షాపు తెరిచి కూర్చున్నాను.

ఫోన్ల తెరల్లో వెలిగే ఓఎల్ఈడీల మీదే కదా మన కీర్తన పరిశోధన. పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి తను చేసిన నీలం దీపం గంటల్లోనే మసకబారేది. గైడు వేరే అంశం తీసుకోమన్నారు. నువ్వు మంచం పట్టిందీ అప్పుడే. అంతా వదిలేసి వస్తానని తను ఫోన్ చేస్తే, "పట్టిన పని ఇడిచిపెట్టొద్దు తల్లీ, నాకేం కాదులే" అన్నావు. ఆ మాటకు నీ మీద నాకు ఇన్నాళ్లూ కోపమే.

నిన్న కీర్తన వీడియో కాల్ చేసింది. ఈసారి మధ్య పొరను వేడిచేసి, నునుపు తేలాకే దాని మీద వెలుగునిచ్చే పొర వేసిందట.

"పాతదీ ఇదీ ఒకేసారి వెలిగించినా నాయనా. పాతది మొదటిరోజే పోయింది. ఇది చూడు, వారమైనా ఎట్ల వెలుగుతా ఉందో!"

ముప్పై ఏళ్లుగా తెరలు విప్పుతున్నవాణ్ణి, అంత చక్కటి నీలం నేనెన్నడూ చూడలేదు.

"అమ్మ రమ్మని ఉంటే అప్పుడే వచ్చేసేదాన్ని" అంది.

తనను రావద్దన్న ఆ రోజు, ఫోన్ పెట్టేసి నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. నేను అలిగి నీతో మాట్లాడలేదు. నువ్వు చెప్పిందే సరైంది రూతమ్మా.